ఎర్రచుక్క వంతు

ఉప్పెన వచ్చి వెళ్ళాక వేసిన దాళ్వా పంటకి కాలవ నీళ్ళు చాలలేదు. పడమట ఎర్రచుక్క తాటితోపు వెనక దిగేదాకా నీళ్ళు దానమ్మ వంతు, ఆ తర్వాత పక్క చేను వీరరాఘవులు వంతు అని ఊరి పెద్దలు తేల్చారు.

ఆ చుక్క ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుందనీ, సన్నగిల్లుతుందనీ, కొన్ని నెలలు అసలు కంటికి ఆనదనీ రాఘవులుకి, బెజవాడ కాలేజీలో పాఠాలు చెప్పే అతని బావమరిది ముందే చెప్పాడు. అందుకే రాఘవులు ఆ తీర్పుకి ఒప్పుకున్నాడు. అన్నట్టే చుక్క మాసిపోయింది.

ఆ రాత్రి అతను బోదె కాలవలో దిగి, దానమ్మ చేలోకి నీళ్ళు పారే మడవకి పారతో మట్టి కొట్టేశాడు.

"చుక్క ఇంకా దిగలేదండీ. మా వంతు అవలేదు," అంది గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడ్డ దానమ్మ. ఉప్పెనలో మొగుడు పోయిన మనిషి.

"ఎక్కడుందే చుక్క? చూపించు. లేకపోతే నోరు మూసుకుని ఇంటికి పో."

దానమ్మ ఆకాశం వైపు చూడలేదు. అతని కాళ్ళ వైపు లాంతరు దించింది.

నీళ్ళలో, అతని పాదాల మధ్య, ఎర్రచుక్క ఉంది. రాఘవులు తలెత్తాడు. పైన లేదు. పారతో నీళ్ళు కెలికాడు. మిగతా చుక్కల నీడలన్నీ చెదిరిపోయాయి. ఎర్రది మాత్రం కదల్లేదు. మెల్లగా సన్నగిల్లి, మళ్ళీ ఉబ్బింది. చేలల్లో కప్పలు అరుపు ఆపేశాయి.

"దానమ్మా, మడవ తీసేస్తానమ్మా!"

గట్టు మీద లాంతరొక్కటే ఉంది, ఆరిపోయి.

అడుగు తీయబోతే కాలు రాలేదు. నీళ్ళు వెచ్చబడుతున్నాయి. ఈసారి చుక్క ఉబ్బడం ఆపలేదు.