మంద బాట

రావల్కోల్‌లో కొత్తగా కట్టిన తన రిసార్టులో, గేటు ఎదుటి లాన్ మీద, అన్వేష్ మేనేజర్లకు క్లాసు చెబుతూ బోర్డు మీద చక్రం గీశాడు.

"నేల, గడ్డి, గొర్రె, ఎరువు. ఒక్కచోట తెగినా అంతా చస్తుంది. తెగనివ్వనివాడే నాయకుడు."

గేటు బయట గొర్రెల మందతో నిలబడి కొమురయ్య అరిచాడు.

"సారూ, మీ గోడ మా బాటకు అడ్డమొచ్చింది. పొద్దుగూకే లోపట మందను అవతల రైతు రాధమ్మ చెల్కల రాత్రికి పెట్టాలె. లేకుంటే ఆమెకు ఎరువు లేదు, నాకు ఆమె ఇచ్చే గింజల్లేవు."

"క్లాసు జరుగుతోంది. తర్వాత రా."

"గా బోర్డు మీద గీసింది మమ్మల్నే గద సారూ?"

మేనేజర్లు నవ్వారు. అన్వేష్ నవ్వలేదు. వెళ్లి గేటు తానే తీశాడు. మంద లాన్ మేసుకుంటూ తాపీగా నడిచింది.

"రోజూ ఇలాగే వస్తారా?"

"గోడ రోజూ ఉంటది గద సారూ."