ఓనరుగారి రహస్య పదం

కేశవులు జేబులో రాజీనామా కాగితం సిద్ధంగా ఉంది. ఇక కావలసింది రైతుల లిస్టు ఒక్కటే.

ఆ లిస్టు నంద్యాలలో, అతను పనిచేసే విత్తనాల కంపెనీ హెడ్డాఫీసులో, ఎనభై ఎనిమిదిలో కొత్తగా తెప్పించిన కంప్యూటరులో ఉంది. పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్ది విత్తనం తీయడం నేర్చిన రైతులు ఏ ఊళ్లో ఎవరున్నారో అంతా అందులోనే. అది తెచ్చిస్తే ఆళ్లగడ్డలో మేనేజరు కుర్చీ నీదేనని పోటీ కంపెనీ ఏజెంటు గురుస్వామి మాటిచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆళ్లగడ్డ బ్రాంచిలో గుమాస్తాగానే మిగిలినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

చిక్కల్లా ఆపరేటరు లూదియాతోనే. ఆ పిల్ల ఒక్కొక్కరి పేరుకు ఒక్కో రహస్య పదం పెట్టింది. ఎవరి పేరు కొడితే వాళ్ల పనికి కావలసినంతే తెరుచుకుంటుంది. సరుకు లెక్కలకు వారం వారం నంద్యాల వచ్చే కేశవులు ఒకరోజు అడిగాడు.

"ఏందమ్మా లూదియా, నా పేరుకు ఆళ్లగడ్డ గోదాము సరుకు తప్ప ఏమీ కనపడదే? గోస్పాడు, దొర్నిపాడు రైతులు యాడ పోయిరి?"

"నీ పనికి అంతే చాలు కేశవులన్నా."

అదృష్టం కొద్దీ ఓనరు ఉమామహేశ్వరరావుకు గుట్టు దాచడం చేతకాదు. కంప్యూటరు ముట్టుకోవాలంటే ఆయనకు భయం. తన గదిలోంచే "లూదియా, నా పేరు కొట్టమ్మా, పదం మహానంది" అని కేకేసేవాడు. ఆ రహస్యం వీధిలో సోడా బండివాడికి కూడా తెలుసు.

శనివారం మధ్యాహ్నం లూదియా అన్నానికి వెళ్లగానే కేశవులు గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి దూరాడు. దొంగతనానికైనా సరే, కంప్యూటరు గదిలోకి చెప్పులతో వెళ్లే ధైర్యం అప్పట్లో ఎవరికీ లేదు. కంగారులో పదం రెండుసార్లు తప్పు కొట్టాడు.

ఆఫీసు ఊడ్చే కమలాక్షమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఏం జేస్తాండావప్పా? తెరుచుకోలేదా?"

"ఓనరు పనిమ్మా. నువ్వు ఊడ్చుకో పో."

"నా పేరు కొట్టి చూడు."

"నీ పేరుకు చీపురన్నా కదుల్తాదా?" అని నవ్వాడు కేశవులు.

మూడోసారి ఓనరు పేరుకు తెరుచుకుంది. ప్రింటరు కరకరమంటూ ఎనభై పేర్లు కక్కింది. సాయంత్రానికి లిస్టు గురుస్వామి చేతిలో, రాజీనామా ఓనరు బల్ల మీద ఉన్నాయి.

బుధవారం గురుస్వామి ఆళ్లగడ్డలో జీపు దిగి లిస్టు కేశవులు మొహాన కొట్టాడు. "గోస్పాడులో రైతు సంజీవయ్య యాడని అడిగితే పలక పట్టుకొని మూడో తరగతి పిల్లోడు వచ్చినాడు. నేను తీసుకపోయిన శాలువా వాళ్ల నాయన వానికే కప్పినాడు. ఏ ఊరికి పోయినా ఇదే కత. నీకు కుర్చీ గాదు, పీట గూడా లేదు పో."

కేశవులు పడుతూ లేస్తూ నంద్యాల బస్సెక్కాడు. రాజీనామా వెనక్కి తీసుకుంటానని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఓనరు కుదరదని తల అడ్డంగా ఊపాడు. ఎందుకో లూదియా చెప్పింది. "అవి మా చర్చోళ్లు ఊరూరా నడిపే సండే స్కూలు పిల్లల పేర్లన్నా. టైపు నేర్చుకునేటప్పుడు కొట్టినా. ఊరందరికీ తెలిసిన పదానికి అసలు లిస్టు ఎట్లా పెడతా? అందుకే సారు పేరుకు అది పెట్టినా. ఆ పిల్లల కోసం జీపు తిరుగుతాందని తెలిసినప్పుడే నీ పని అర్థమైంది."

"అంటే నాకు కూడా అసలుది తెరుచుకోదా?" ఓనరు నోరెళ్లబెట్టాడు.

"మీకు కావాలంటే నేను తీసిస్తాండా గదా సార్."

కేశవులుకు ఉద్యోగం పోయిన బాధలోనూ ఆరాటం ఆగలేదు. "మరి అన్నీ తెరుచుకునేది ఎవరి పేరుకమ్మా?"

గుమ్మం దగ్గర అతని చెప్పులు సర్దుతున్న కమలాక్షమ్మ తలెత్తింది. "ఆ పొద్దే చెప్తి గదప్పా, నా పేరు కొట్టమని."