మెట్ల మలుపులో కిటికీ

నేనూ మా ఆడపడుచూ ఆర్కిటెక్చర్ కలిసే చదివాం. ఆవిడ సగం ఊరు కట్టింది. నేను నలభై ఏళ్లు కాలేజీలో నల్లబల్ల మీద కట్టి, గంట కొట్టగానే చెరిపేశాను. ఆవిడ కట్టిన కొత్త లైబ్రరీకి నేను వెళ్లింది తప్పులు పట్టడానికే.

మెట్ల మలుపులో, చిన్నపిల్లల కళ్లకు అందే ఎత్తులో ఓ కిటికీ ఉంది. వంగి అందులోంచి చూసి కుళ్లుకున్నాను.

"ఏం వదినా, తప్పేమైనా దొరికిందా?" వెనకే వచ్చిన ఆడపడుచు అడిగింది.

"దొరకలేదు, అదే కదా బాధ! ఈ కిటికీ ఎలా తట్టిందే నీకు?"

ఆవిడ మూతి ముడిచింది.

"నాకెక్కడ తట్టిందీ! నేను గోడే గీశాను. ఆఫీసులో అంతా నీ శిష్యులే కదా. 'పిల్లలు ఇక్కడ ఆగితే ఏం చూస్తారండీ? మా కాలేజీ మేడమ్ ఒప్పుకోరు' అని గోడ కొట్టేసి కిటికీ పెట్టారు. ఇన్నేళ్లుగా ఇదే వరస. ఆఫీసు నాది, వాళ్ల భయం నీది. నిన్ను చూసి ఏడవని రోజు లేదు వదినా!"