నడుమ ఒక కంది సాలు

"ఏ-లెవెల్స్‌లో మూడు సబ్జెక్టులే. మ్యాథ్స్ మాత్రం వదలొద్దు!" ఇంటర్‌లాంటి ఆ రెండేళ్ల చదువు గురించి ఇంటర్నేషనల్ స్కూలు మాస్టరు నాలుగోసారి ఇంగ్లిషులో చెప్పారు.

"ఏమంటాండాడు పాపా?" అన్నాడు తిప్పారెడ్డి, బత్తలపల్లె శెనక్కాయ రైతు.

నాయనకు ఇంగ్లిషు రాదన్న ధీమాతో సుష్మ చెప్పేసింది. "డ్రామా, మ్యూజిక్, పెయింటింగ్ తీసుకోమంటాండారు నాయనా. మ్యాథ్స్ నాకొద్దంట."

ఆమె నింపిన ఫారం మీద సంతకం పెట్టబోయి ఆగాడాయన.

"వాన ఎగ్గొడితే కందన్నా చేతికొస్తాదని, శెనక్కాయ నడుమ ఒక కంది సాలు ఏస్తాం గదా. నువ్వూ మ్యాథ్స్ ఒక సాలు ఏసుకో."

"సారే వద్దంటాండారు నాయనా!"

"ఆయప్ప మ్యాథ్స్, మ్యాథ్స్ అని మొత్తుకునేది నాకు ఇనపడలేదనుకున్నావా?"

సుష్మ తల దించుకుంది. తిప్పారెడ్డి మీసాల్లో నవ్వుకున్నాడు.

"పెయింటింగు కొట్టెయ్. డ్రామా మాత్రం ఉండనీ. అది నీకు బాగా వచ్చు."