పెద్దాయన వాటా

"తొంభై దాకొచ్చి మళ్ళ ముప్పైకి పాయె! నీ గీత వెనక్కి నడుస్తుందేంది బిడ్డా?" కూతురి ల్యాప్‌టాప్‌లో పని ఎంత శాతం అయ్యిందో చూపే గీతను తొంగిచూసి బుగ్గయ్య పడీపడీ నవ్వాడు.

ఇబ్రహీంపట్నంలో ఇంటినుంచే ఉద్యోగం చేసే నర్మదకు ఏడుపొక్కటే తక్కువ. పావుగంటలో ఫైళ్లు వెతికే ఈ ప్రోగ్రాంను మేనేజరుకు చూపించాలి.

"ఫైలు వెతుకుతుంది బాపూ. పది ఫోల్డర్లల్ల తొమ్మిదైతే తొంభై చూపెడ్తది. పదోదాన్ల ఇంకో ఇరవై బయటపడితే లెక్క తప్పుతది. లోపలెన్నున్నయో ముందుగాల ఎట్ల తెలుస్తది?"

"తెలుసుడెందుకు? మా తాత యాచారం చెల్క భూమి నలుగురు కొడుకులకు పంచిండు. పెద్దాయనకు తొమ్మిదిమంది పిల్లలు. వాళ్లు ఆయన వాటానే పంచుకున్నరు. మా నాయినది తగ్గిందా?"

నర్మద బాపు మాట పట్టుకుంది. మరుక్షణం కీబోర్డు మీద పడింది. వంద శాతాన్ని పైనున్న పది ఫోల్డర్లకు సమంగా పంచి, ఏ ఫోల్డరు వాటాను ఆ ఫోల్డరు లోపలివాటికే పంచింది.

గీత ఇక వెనక్కి పోలేదు. వీడియో కాల్‌లో మేనేజరు చూస్తుండగా మాత్రం తొంభై దగ్గర నత్తనడక పట్టింది.

"ఇక్కడెందుకింత ఆలస్యం?" అన్నాడాయన.

నర్మద నోరు తెరిచేలోపే వెనకనుంచి బుగ్గయ్య అందుకున్నాడు.

"పెద్దాయన ఇంట్లకు పోయింది సారూ! తొమ్మిదిమంది. జర ఓపిక పట్టుండ్రి!"