కొత్త మనిషి

ఆకుపచ్చ రిబ్బన్ కట్టిన కుక్క కూన మళ్లీ సోఫా కిందకు దూరింది.

హీటర్ బాగుచేయడానికి వచ్చినాయన పాపం, నేల మీద బోర్లా పడుకుని బిస్కెట్ ముక్క చూపించాడు. మిగతా ఆరు కూనలూ ఆయన గడ్డం నాకేస్తున్నాయి. ఇది మాత్రం కదల్లేదు.

"నా మొహం అంత భయంకరంగా ఉందామ్మా?"

"మీ మొహానిదేం లేదులెండి. కొత్తవాళ్లు ఎవరొచ్చినా అంతే. నాలుగైదుసార్లు వచ్చి కూర్చుంటే గానీ దీనికి నమ్మకం కుదరదు," అంది లోర్నా.

గోడకు అంటించిన కాగితం మీద ఆయన పేరు రాసుకుంది. ముప్ఫై ఎనిమిదో మనిషి.

లోర్నా కుక్క డైసీ ఏడు పిల్లల్ని పెట్టి అయిదు వారాలైంది. ఎనిమిదో వారం దాటాక ఒక్కొక్కటీ ఒక్కో ఇంటికి వెళ్లిపోతుంది. ఈలోగా వాటికి లోకం అలవాటు కావాలి. గడ్డాలు, టోపీలు, చేతికర్రలు, గొడుగులు, వ్యాక్యూమ్ క్లీనర్ మోత, చిన్నపిల్లల అరుపులు. అందుకే తమ ఊరు బ్రాండన్‌లో తెలిసినవాళ్లనందర్నీ లోర్నా ఇంటికి లాక్కొచ్చింది. కూతురు టెస్సా హాకీ జట్టు మొత్తం ఒకరోజు హాల్లో చాప మీద కూర్చుని వెళ్లింది.

రానిదల్లా ట్రూడీ. లోర్నాకు బడినాటి స్నేహితురాలు, ఇరవై రెండేళ్ల జత. కుక్క బొచ్చు పడదు ఆమెకు. డైసీ వచ్చిన దగ్గర్నుంచి ఈ గడప తొక్కలేదు. ఇద్దరూ డోనట్ల కొట్లోనే కలుసుకునేవారు. కబుర్ల మధ్య ట్రూడీ చేతులు ఊరుకోక కాగితం రుమాళ్ల మూలలు లోపలికి మడుస్తుండేవి.

శనివారాలు లోర్నా వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్లేది. టెస్సాను వాళ్ల అమ్మమ్మ ఆటకు తీసుకెళ్లేది. కూనల్ని భర్త కర్టిస్ చూసుకునేవాడు.

"ఇవాళ ఎవరన్నా వచ్చారా? కాగితంలో రాయాలి," అని అడిగేది లోర్నా వచ్చీరాగానే.

"ఎవరొస్తారు? నేనూ, ఈ ఏడుగురు రౌడీలూ."

కూనల గూటిలో పాత పేపర్లు మార్చి ఉండేవి. ఒక శనివారం లోర్నా వంగి చూసింది.

"పేపర్లు భలే పరిచావే! మూలలు కూడా లోపలికి మడిచావు."

"పదహారేళ్ల కాపురం. ఆ మాత్రం నేర్చుకోనా?" నవ్వాడు కర్టిస్.

ఎనిమిదో వారం చివరికొచ్చింది. ఇక పరీక్ష మిగిలింది. కూనలు ఎప్పుడూ చూడని మనిషి ఒకరు గది మధ్యలో కూర్చోవాలి. కూనల్ని ఒక్కొక్కటిగా లోపలికి వదలాలి. ఏది ఉరికొస్తుంది, ఏది ఆగి చూస్తుంది, ఏది పారిపోతుంది అన్నదాన్ని బట్టి ఏ కూన ఏ ఇంటికి నప్పుతుందో తేలుస్తారు. ఊళ్లో ఈ పని చేసేది పెనర్ గారు. అరవై ఏళ్లావిడ, కుక్కల విషయంలో ఆవిడ మాటంటే మాటే.

ఆదివారం ఉదయం లోర్నా ఫోన్ బల్ల మీద పెట్టి నుదురు కొట్టుకుంది.

"పెనర్ గారికి జ్వరమట."

"అయితే వచ్చే వారం పెట్టుకో," అన్నాడు కర్టిస్.

"రేపే కదా అందరూ తీసుకెళ్లడానికొచ్చేది! ఈ ఊళ్లో మన కూనలు చూడని మనిషంటూ ఎవరు మిగిలారు? ట్రూడీ ఒక్కతే."

"తనకు పడదుగా. పాపం, ఎందుకు తనని బాధపెట్టడం?"

"మాత్ర వేసుకుంటుందిలే. పది నిమిషాల పని."

ఫోన్లో ట్రూడీ గోల పెట్టింది. "తుమ్మి తుమ్మి చస్తానే పిచ్చిమొహమా!"

"ఇన్నేళ్లలో నిన్ను ఒక్కటంటే ఒక్కటి అడిగానా?"

ట్రూడీ వచ్చింది. కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. కారులో ఏదో చప్పుడొస్తోందంటూ కర్టిస్ గ్యారేజీలోకి వెళ్లిపోయాడు.

గది మధ్యలో చాప వేసి ట్రూడీని కూర్చోబెట్టింది లోర్నా. తను తలుపు దగ్గర కాగితం, పెన్ను పట్టుకుని నిలబడింది.

ఎర్ర రిబ్బన్ తోకాడిస్తూ ఉరికింది. అది ఎవరి మీదికైనా ఉరుకుతుంది. నీలం రిబ్బన్, పసుపు రిబ్బన్, అన్నీ అంతే. లోర్నా రాసుకుంటూ పోయింది.

చివరికి ఆకుపచ్చ రిబ్బన్. లోర్నా దాన్ని నేల మీద దించి వెనక్కి జరిగింది.

కూన తలెత్తి చూసింది. ముక్కు ఎగరేసింది. సోఫా వైపు తల కూడా తిప్పలేదు. సంతోషంతో కుయ్ కుయ్‌మంటూ, ఒళ్లంతా ఊగిపోతూ పరుగెత్తింది. ట్రూడీ ఒళ్లోకి ఎక్కేసి, కోటు చేతిలో మూతి దూర్చి కళ్లు మూసుకుంది.

ట్రూడీ చెయ్యి దానంతటదే కూన ఎడమ చెవి వెనక్కి వెళ్లింది. అది గోకించుకోవడానికి ఇష్టపడే చోటు అదే.

ఒక్క తుమ్ము కూడా రాలేదు ఆమెకు.

"కుక్కలకు నేనంటే... ఎందుకో మరి..." ట్రూడీ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఎన్ని శనివారాల నుంచి?" అడిగింది లోర్నా.

ట్రూడీ చెయ్యి కూన చెవి వెనకే ఆగిపోయింది. కూన మాత్రం నిద్రలోకి జారుకుంటోంది. గ్యారేజీలోంచి ఏ చప్పుడూ లేదు.

లోర్నా పెన్ను మూసింది.

"ముందు దాన్ని కింద దించు. అది నా కూన."

పెనర్ గారికి ఏ జ్వరమూ రాలేదు. ఈ పరీక్షకు లోర్నా ఆవిడను అసలు పిలవనే లేదు.