పసుపుపచ్చ బొటనవేలు

"చెయ్యి తియ్ బావా! నొక్కావంటే ఊరుకోను!"

ఇసుక బస్తాల చాటున నిలబడి ఇంజనీరమ్మ అరిచింది. ఆమె బావ చెయ్యి పేలుడు మీట మీద ఉంది. రోడ్డవతల కూల్చబోయే పాత భవనం. దాని స్తంభాల నిండా మందు కూరారు. ట్రాఫిక్ ఆపిన పోలీసులు ఈలల మీద ఈలలు వేస్తున్నారు.

"ఇంకా ఏం కావాలి నీకు? లోపల ఎవరూ లేరు కదా అని నువ్వే వాయిస్ మెసేజ్ పెట్టావు. వాచ్‌మన్ తాత జవాబిచ్చాడు."

ఆమె ఫోను మళ్లీ చూసుకుంది. తన ప్రశ్న కింద ఓ పసుపుపచ్చ బొటనవేలు, పక్కనే ఓ నవ్వు మొహం.

"ఈ బొమ్మ జవాబెలా అవుతుంది? నాకు గొంతు వినపడాలి."

"మా నాన్న కాలంలో జెండా ఊపితే పేల్చేవాళ్లు. తర్వాత ఈల వచ్చింది, ఆ తర్వాత వాకీటాకీ. ఇప్పుడిది. జెండాకి మాత్రం నోరుందా? అర్థమైతే చాలదూ! అయినా తాతకి రాయడం ఎక్కడొచ్చు?"

అదీ నిజమే. టీ తాగావా అన్నా బొటనవేలే, గేటు వేశావా అన్నా బొటనవేలే. అయినా మనసొప్పక ఆమె ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"ఈ ఈలల గోలలో ఆయనకేం వినపడుతుంది!" బావ విసుక్కున్నాడు. "పోలీసులు నా ప్రాణం తోడేస్తున్నారు. రోడ్డు తెరిచేశారంటే మళ్లీ మొదటికొస్తాం."

ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "సరే, కానివ్వు."

సైరన్ కూసింది. బావ తాళం తిప్పి, పెదాలు బిగించి, మీట మీద వేలు పెట్టాడు.

"అమ్మా, ఓసారి నా నంబరుకి కొడతారా?"

వెనక వాచ్‌మన్ తాత. చొక్కా జేబులు తడుముకుంటున్నాడు.

"ఫోను కనపడి చావట్లేదు. మెట్ల కిందే మరిచిపోయినట్టున్నాను."

"ఏ మెట్లు?"

తాత ఎదుటి భవనం వైపు చెయ్యి చూపించాడు.

ఆమె ఒక్క ఉదుటున బావ చేతిని నెట్టేసి, తాళం ఊడబెరికింది.

"మరి నాకు జవాబిచ్చిందెవరు?"

ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "ఎవరు? లోపల ఎవరున్నారు?"

టింగుమంటూ జవాబొచ్చింది. చేతులతో కళ్లు మూసుకున్న కోతి బొమ్మ. అంతే.

"ఎవడో దొంగవెధవ ఆటలాడుతున్నాడమ్మా," అన్నాడు తాత.

బావ ఆమె ఫోనులోకి తొంగి చూశాడు. ఆ బొమ్మ చూడగానే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. మెల్లగా వెనక్కి తిరిగి, పొద్దున కూతుర్ని వెనక సీట్లో పడుకోబెట్టిన జీపు వైపు చూశాడు. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సీటు ఖాళీ.

ఇసుక బస్తాల మీంచి దూకి, భవనం వైపు పిచ్చివాడిలా పరుగెత్తుతూ అరిచాడు.

"దాక్కున్నప్పుడల్లా నా బంగారుతల్లి నాకు పెట్టే బొమ్మ అది!"